తీరని దురద: అలర్జీ గల పెంపుడు కుక్క సంరక్షణ

(చెన్నై నగరంలోని తెలుగు నివాసుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పశువైద్యురాలిని కాను. నగరపాలక సంస్థ ప్రకటనలను, కరపత్రాలను తెలుగులోకి మార్చే ఉద్యోగం నాది. ఎనిమిదేళ్ళుగా మా ఇంట ఒక అలర్జీ కుక్కను సాకుతున్నాము. వైద్యులు చెప్పగా విని, రాసుకొని, ఆచరించి తెలుసుకొన్న సంగతులనే ఈనాడు మీ ముందుంచుతున్నాను. మందుల మోతాదులు మాత్రం చెప్పను. కుక్క బరువును, వయసును, ఇతర రుగ్మతలను చూసి వైద్యులు నిర్ణయించవలసిన విషయమది.

ముందుగా ఒక మాట గురించి చెప్పవలసి ఉన్నది. తెలుగులో ఎవరినైనా హీనపరచి తిట్టదలిస్తే "గజ్జికుక్క" అంటాము. తమిళంలో సరిగ్గా అదే చోట "సొరినాయ్" అన్న తిట్టు ఉన్నది. రెండు భాషలూ ఒక రోగాన్ని తీసుకొని అసహ్యానికి గుర్తుగా నిలబెట్టాయి. అందువల్ల కుక్క ఒంటిమీద వెంట్రుకలు ఊడి, చర్మం ఎర్రబడి కనిపించగానే, అది ఏ వ్యాధియో విచారించక ముందే మన నోట గజ్జి అన్న మాట వచ్చేస్తుంది. గజ్జి అంటే అంటురోగం. అంటురోగమంటే దూరంగా పెట్టవలసినది. అద్దె ఇంట్లో కాపురముండే కుటుంబాన్ని ఈ ఆలోచన ఎక్కడికి తీసుకొనిపోతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. కుక్కనైనా వదలాలి, ఇల్లైనా వదలాలి. ఊరుకాని ఊరిలో అడ్వాన్సు కట్టి ఇల్లు సంపాదించుకొన్నవారు సాధారణంగా ఇంటినే నిలుపుకొంటారు. కుక్క ఏ రైల్వే గేటు దగ్గరో, ఏ చేపల అంగడి వెనుకో మిగిలిపోతుంది. మెడకు పట్టీ ఉండి, పిలిస్తే తోక ఊపుతూ వచ్చి, మెతుకుల కోసం వీధికుక్కలతో పోట్లాడటం చేతగాని కుక్కలు మన వీధుల్లో అప్పుడప్పుడు కనిపిస్తూనే ఉంటాయి.

మనం గజ్జి అని ఒకే మూటగా కట్టేవాటిలో కనీసం నాలుగు వేర్వేరు వ్యాధులున్నాయి. సార్కోప్టిస్ అనే, కంటికి ఆనని పురుగు చర్మంలో సొరంగాలు తవ్వడం వల్ల వచ్చేది అసలైన గజ్జి. ఇది ఒక కుక్కనుండి మరొక కుక్కకు సులువుగా అంటుకొంటుంది. దగ్గరగా మసలే మనుషులకూ కొంతకాలం దద్దుర్లు, దురద తెప్పించగలదు. డెమోడెక్స్ అనే మరొక పురుగు చాలా కుక్కల చర్మంలో సహజంగానే కొద్దిగా ఉంటుంది. కుక్క రోగనిరోధక శక్తి సన్నగిల్లినప్పుడు అది పెచ్చరిల్లుతుంది గాని, మనుషులకు అంటదు. శిలీంధ్రం వల్ల వచ్చే తామర అంటుతుంది కాబట్టి పిల్లలున్న ఇంట జాగ్రత్త అవసరం. ఇక నాలుగవది అలర్జీ. హాని లేని దుమ్మునో, పుప్పొడినో, ఆహారాన్నో శత్రువుగా భ్రమించి కుక్క శరీరం తనమీద తానే చేసుకొనే యుద్ధమిది. మనిషికి గాని, మరొక కుక్కకు గాని అంటేది కాదు.

వీటిని కంటితో చూసి తేల్చడం అనుభవజ్ఞులకే కష్టం. చర్మాన్ని బ్లేడు అంచుతో మెల్లగా గీకి, ఆ పొట్టును సూక్ష్మదర్శిని కింద చూసే పరీక్ష ఒకటి ఉన్నది. కొద్ది నిమిషాల పని. సార్కోప్టిస్ ఆ పరీక్షకు ఒక్కొక్కసారి చిక్కదు. అటువంటప్పుడు అనుమానం మీదనే పురుగుల మందు ఇచ్చి చూస్తారు. ఏదేమైనా, ఈ పరీక్ష చేయించి, ఫలితాన్ని కాగితం మీద రాయించుకొనండి. ఆ కాగితం ఎందుకు అవసరమో ఇప్పుడు చెబుతాను.

మా కుక్క పేరు బంగారి, లాబ్రడార్ జాతిది. రెండు నెలల పిల్లగా వచ్చింది. ఏడాదిన్నర నిండేసరికి రాత్రివేళ ముందుకాళ్ళు నాకడం మొదలుపెట్టింది. నాకినచోటల్లా తెల్లని వెంట్రుకలు తుప్పు రంగుకు తిరిగాయి. తరువాత చెవులు, చంకలు, పొట్ట. అప్పుడు మేము పెరంబూరు వైపు మూడు వాటాల ఇంటిలో ఒక వాటాలో ఉండేవాళ్ళం. ఇంటి యజమానురాలు నాలుగు తరాలుగా మద్రాసులో స్థిరపడిన తెలుగింటి ఆడపడుచు. మేము పిన్నిగారని పిలిచేవాళ్ళం. ఒక సాయంత్రం గుమ్మం దగ్గర నిలబడి, "ఏమ్మా, ఆ కుక్కకు సొరి పట్టింది కదా, మనుమలు తిరిగే ఇల్లు, ఎట్లా మరి?" అన్నారు. కోపంగా అనలేదు, భయంతో అన్నారు. ఆ భయం అర్థంలేనిదని నేను అనుకోను. పసిపిల్లలున్నవారు అడగవలసిన ప్రశ్నే అది. మరునాడు చర్మ పరీక్ష చేయించి, పురుగులు గాని, తామర గాని లేవనీ, ఇది అంటువ్యాధి కాదనీ వైద్యులచేత రెండు వాక్యాలు రాయించుకొని వెళ్ళి ఆమె చేతిలో పెట్టాను. పిన్నిగారు కళ్ళజోడు పెట్టుకొని రెండుసార్లు చదివి, "అయితే దీనికి నా మోకాళ్ళ నొప్పి లాంటిదేనన్నమాట, పోదు, సర్దుకోవాలి" అన్నారు. ఆ వ్యాధిని అంత చక్కగా వివరించిన మాట నేను మరెక్కడా వినలేదు. ఆ ఇంట మరి మూడేళ్ళున్నాము.

పోదు, సర్దుకోవాలి. దీర్ఘకాలిక అలర్జీ విషయంలో మనం మొదట ఒప్పుకోవలసినది ఇదే. పూర్తిగా నయం చేస్తామని చెప్పేవారి దగ్గర డబ్బు పోగొట్టుకోవద్దు. కుక్క హాయిగా నిద్రపోయేంతగా దురదను అదుపులో ఉంచడమే చికిత్స లక్ష్యం.

కుక్కల అలర్జీలలో ముఖ్యమైనవి మూడు. ఒకటి, ఒంటిమీది పురుగుల కాటువల్ల వచ్చేది. రెండు, ఆహారం వల్ల. మూడు, ఇంటి దుమ్ములోని సూక్ష్మజీవులు, పుప్పొడి, బూజు వంటి పరిసర పదార్థాల వల్ల. దీనిని అటోపీ అంటారు. పుట్టుకతో వచ్చే తత్వమిది. సాధారణంగా ఆరు నెలలకు, మూడేళ్ళకు మధ్య బయటపడుతుంది. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, పగ్, బుల్‌డాగ్, షీట్జూ జాతులలో తరచుగా చూస్తాము. ఒకే కుక్కకు రెండు మూడు అలర్జీలు కలిసి కూడా ఉండవచ్చు. అంచుదాకా నిండిన బిందెలో ఇంకొక చెంబు నీళ్ళు పోస్తే పొర్లినట్టు, దుమ్ము వల్ల సగం దురద ఉన్న కుక్కకు రెండు పురుగులు కుడితే చాలు, ఒళ్ళంతా రక్కుకొంటుంది. అందుకే అటోపీని మనం తీసివేయలేకపోయినా, పురుగులను తీసివేస్తే బిందె కొంత ఖాళీ అవుతుంది.

పురుగుల దగ్గర మన భాషతో ఒక చిక్కు ఉన్నది. ఇళ్ళలో అన్నింటినీ పిడుదులనో, పేలనో అంటాము. చర్మానికి కరచుకొని రక్తం తాగి మినపగింజలా ఉబ్బేది పిడుదు; తమిళంలో ఉణ్ణి. వెంట్రుకల మధ్య పరుగెత్తి, పట్టుకోబోతే ఎగిరి దూకే నల్లని సన్నపురుగు వేరు. ఇంగ్లీషులో ఫ్లీ, తమిళంలో తెళ్ళుప్పూచ్చి. అలర్జీ విషయంలో ముఖ్యమైన దోషి ఈ రెండవది. దాని లాలాజలం పడని కుక్కకు ఒక్క కాటు చాలు, రోజుల తరబడి నడుము మీద, తోక మొదట్లో కొరుక్కొంటుంది. వైద్యుల దగ్గర ఈ రెండు తమిళ పేర్లూ విడివిడిగా చెప్పగలిగితే మీ పని సులువవుతుంది. పురుగు కనిపించలేదంటే లేదని కాదు. కుక్క నాకి మింగివేసి ఉండవచ్చు. దువ్వెనతో నడుము మీద దువ్వి, రాలిన నల్లని పొడిని తడిపిన తెల్లకాగితం మీద వేయండి. ఎర్రగోధుమ రంగుగా కరిగితే అది పురుగు విసర్జించిన రక్తమే.

కుక్క ఒంటిమీద కనిపించేవి ఆ పురుగుల సంసారంలో కొద్ది భాగం మాత్రమే. గుడ్లు జారిపడి పరుపు కుట్టుల్లో, గడప సందుల్లో, చాప కింద పొదుగుతాయి. గూటిలోని పురుగు నెలల తరబడి వేచి ఉండగలదు. కాబట్టి ఒకసారి మందు వేసి ఊరుకొంటే ప్రయోజనం లేదు. చెన్నై వంటి వెచ్చని ఊరిలో చలికాలం వచ్చి వాటిని చంపిపెట్టదు. ఏడాది పొడవునా నివారణ మందు అవసరం. మెడ మీద పోసేవి, నోటి ద్వారా ఇచ్చేవి ఉన్నాయి. కొన్ని నెలకొకసారి, కొన్ని మూడు నెలలకొకసారి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఆ మాట తప్పక చెప్పండి. కుక్కల మందులలో కొన్నింటిలో ఉండే పెర్మెత్రిన్ పిల్లికి ప్రాణాంతకం.

ఆహారం సంగతికి వద్దాము. తిండి అలర్జీని రక్తపరీక్షతో నమ్మకంగా తేల్చలేము. ఉన్నది ఒకటే మార్గం. కుక్క ఇంతవరకు ఎన్నడూ తినని మాంసకృత్తును ఎంచుకొని, లేదా వైద్యులు సూచించే ప్రత్యేక ఆహారాన్ని తెచ్చి, ఎనిమిది వారాలపాటు అదొక్కటే పెట్టాలి. దురద తగ్గితే పాత ఆహారాన్ని తిరిగి పెట్టి చూడాలి. మళ్ళీ పెరిగితేనే అలర్జీ రుజువైనట్టు. ఈ రెండవ భాగాన్ని చాలామంది వదలివేస్తారు, తగ్గింది కదా, చాలునని. అప్పుడు తగ్గుదల తిండివల్లనో, వాతావరణం మారినందువల్లనో ఎన్నటికీ తెలియదు. గొడ్డుమాంసం, పాలపదార్థాలు, కోడిమాంసం, గోధుమ ఎక్కువగా అలర్జీ కలిగించేవిగా తేలాయి. మన ఇళ్ళలో కుక్కకు పెట్టే పెరుగన్నం, చపాతీ ముక్క, కోడికూర అన్నం ఈ పట్టికలోనే ఉన్నాయని గమనించండి.

ఎనిమిది వారాలు కుక్కకు కష్టం కాదు, మనకే. ఈ పరీక్ష సాధారణంగా భగ్నమయ్యేది ప్రేమ వల్ల. అమ్మమ్మ టీలో ముంచిన బిస్కట్టు, పిల్లవాడు బల్ల కిందికి జార్చిన గుడ్డు, పనిమనిషి ఆప్యాయంగా తెచ్చిన బొమిక, ఎంగిలి కంచం. ఏదో ఒకటి నాలుగో వారంలో నోట పడుతుంది, లెక్క మొదటికి వస్తుంది. మాంసపు రుచి కలిపిన మందుబిళ్ళలు కూడా ఉంటాయి. వాటి సంగతీ అడగాలి. మా ఇంట ఫ్రిజ్ తలుపు మీద తెలుగులో ఒక కాగితం అంటించి, వచ్చిన ప్రతివారికీ చదివి వినిపించాము. పరీక్షలో బంగారికి తిండి అలర్జీ లేదని తేలింది. ఆ రోజు రాత్రి దానికి పెరుగన్నం పెట్టాము.

అలర్జీ చర్మం తలుపులు సరిగా మూసుకోని ఇల్లు వంటిది. రక్కుళ్ళలోకి సూక్ష్మజీవులు చేరి చీముపొక్కులు వస్తాయి. మలసీజియా అనే శిలీంధ్రం చెవుల్లో, వేళ్ళ సందుల్లో, మెడ కింద పెరిగి చర్మాన్ని జిడ్డుగా, నల్లగా, ఏనుగు తోలులా మందంగా చేస్తుంది. పులిసిన వాసన వేస్తుంది. దురద ఉన్నట్టుండి రెట్టింపయిందంటే తరచుగా కారణం కొత్త అలర్జీ కాదు, ఈ ఇన్ఫెక్షన్. దీనిని తగ్గించకుండా దురదమందు ఎంత ఇచ్చినా పూర్తి ఫలితం రాదు. చర్మానికి ఒక గాజుపలకను ఒత్తి, సూక్ష్మదర్శినిలో చూసి ఏది ఉన్నదో చెబుతారు.

ఇక్కడే స్నానం ఔషధమవుతుంది. క్లోర్‌హెక్సిడిన్ కలిసిన వైద్యపు షాంపూతో, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు సాధారణంగా వారానికి రెండుసార్లు స్నానం చేయిస్తారు. నురుగు పది నిమిషాలు ఒంటిమీద ఉండాలి, గడియారం చూసుకొని. పది నిమిషాలు ఎంత దీర్ఘమో తడికుక్కను పట్టుకొని కూర్చున్నవారికే తెలుసు. ఎక్కువ బాధ ఉన్న చోటినుండి మొదలుపెడితే ఆ చోటికి ఎక్కువ సమయం దక్కుతుంది. నురుగు నాకకుండా చూడాలి. గోరువెచ్చని నీళ్ళు సరిపోతాయి. వేడినీళ్ళు దురదను పెంచుతాయి. వేసవిలో ట్యాంకరు నీటితో గడిపే ఇళ్ళలో ఒళ్ళంతా కడగడం కుదరకపోతే కాళ్ళు, పొట్ట, చంకలు కడిగినా మేలే. కడిగిన తరువాత వేళ్ళ సందులు పొడిగా తుడవడం కడగడమంత ముఖ్యం. మనుషుల షాంపూ, బట్టల సబ్బు వద్దు. కుక్క చర్మం తత్వం వేరు.

మందుల విషయంలో ఒక అలవాటు గురించి చెప్పాలి. ఆసుపత్రికి వెళ్ళగానే మనవాళ్ళు "ఊసి పోడుంగ" అంటారు, అంటే సూదిమందు వేయండి అని. సాయంత్రానికి దురద ఆగాలి, అంతే. ఆ సూదిమందు తరచుగా స్టెరాయిడ్. స్టెరాయిడ్ చెడ్డమందు కాదు. దురద భరించరానిదైనప్పుడు కొద్దిరోజులు వాడితే అది వరమే. నెలల తరబడి సాగితే దాహం, మూత్రం, ఆకలి పెరుగుతాయి, పొట్ట జారుతుంది, చర్మం పలచబడి ఇన్ఫెక్షన్లు తేలికగా వస్తాయి. చాలాకాలం వాడిన తరువాత ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం. మోతాదు మెల్లగా తగ్గించాలి. ఇప్పుడు ఓక్లాసిటినిబ్ అనే బిళ్ళ ఉన్నది. దురద సంకేతాన్నే అడ్డుకొంటుంది, త్వరగా పనిచేస్తుంది, ఏడాది నిండని కుక్కలకు ఇవ్వరు. సైక్లోస్పోరిన్ నిదానంగా, కొన్ని వారాలకు ఫలితమిస్తుంది. ఏది మీ కుక్కకు తగునో, మీ జేబుకు తగునో రెండూ వైద్యులతో దాపరికం లేకుండా మాట్లాడండి. నెలకు ఇంత మాత్రమే ఖర్చు పెట్టగలమని చెప్పడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. ఆ మాట చెప్పనందువల్ల మూడో వారంలో మందు ఆపివేసే ఇళ్ళు ఎక్కువ.

మనుషుల మందుల డబ్బాను కుక్కకు తెరవవద్దు. జలుబుబిళ్ళలలో అలర్జీ మందుతోపాటు ముక్కుదిబ్బడకు కలిపే సూడోఎఫెడ్రిన్ వంటివి కుక్కకు విషం. ఐబూప్రొఫెన్ కూడా అంతే. మూడు నాలుగు మందులు కలిపిన తామర క్రీములు కుక్క నాకితే కడుపులోకి పోతాయి. కిరోసిన్, వాడిన ఇంజిన్ ఆయిలు పూసే పద్ధతి ఇంకా ఉన్నది. అది చర్మాన్ని కాల్చి, నాకినప్పుడు లోపలి అవయవాలను దెబ్బతీస్తుంది. పసుపు కలిపిన కొబ్బరినూనె పూయమని పెద్దలు చెబుతారు. మలసీజియా జిడ్డులో వృద్ధిచెందే జీవి కాబట్టి, వాసన వేసే జిడ్డు చర్మం మీద నూనె పూయడం దానికి విందు పెట్టడమే. వేపాకు నీళ్ళతో కీడు అంతగా ఉండకపోవచ్చు. అలర్జీకి అది చికిత్స అని మాత్రం నమ్మవద్దు.

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఒక చిన్న పుస్తకం తీసుకొనివెళ్ళండి. రోజూ రాత్రి దురదకు సున్నా నుండి పది వరకు ఒక అంకె వేయండి. నిద్రలో కూడా లేచి గోక్కొంటే ఎనిమిదీ తొమ్మిదీ, అప్పుడప్పుడు మామూలుగా గోక్కొంటే ఒకటి. ఇంటిల్లిపాదిలో ఒకరే ఆ అంకె వేయాలి. లేకపోతే ఒకరికి ఆరు, మరొకరికి మూడు. ఫోనులో ఫోటోలు తీసి ఉంచండి. ఎక్కడ దురద అన్న ప్రశ్నకు చేత్తో తాకి చూపండి. మన భాషలో గజ్జకు, గజ్జికి మధ్య ఉన్నది ఒక్క గుడి మాత్రమే. గజ్జల్లో గోక్కొంటున్నదని చెబితే విన్నవారు గజ్జి అని రాసుకొనే అవకాశం లేకపోలేదు. తమిళంలో దురదను అరిప్పు అనండి, సొరి అనవద్దు. 1903లో స్థాపితమైన మద్రాసు పశువైద్య కళాశాల ఆసుపత్రి వేపేరిలో ఉన్నది. రద్దీ ఎక్కువ కాబట్టి పెందలాడే బయలుదేరడం మంచిది.

చట్టం గురించి రెండు మాటలు. పెంపుడు జంతువును ఆకలిదప్పులకు గురయ్యేలా వదలివేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షను ప్రకారం నేరం. అపార్టుమెంటు సంఘాలు మెజారిటీ తీర్మానంతో కూడా పెంపుడు కుక్కలను నిషేధించరాదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. అద్దె ఒప్పందం వేరే సంగతి. సంతకానికి ముందే కుక్క ఉన్నదని రాయించుకొనండి. నగరంలో పెంపుడు కుక్కకు లైసెన్సు తప్పనిసరి. రేబిస్ టీకా ధ్రువపత్రం లేనిదే లైసెన్సు రాదు. చర్మం బాగాలేదని టీకాను మీ అంతట మీరు వాయిదా వేయవద్దు. స్టెరాయిడ్ గాని, ఇతర అలర్జీ మందు గాని వాడుతుంటే ఆ మాట టీకా వేసేవారికి ముందే చెప్పండి, తేదీ వారు నిర్ణయిస్తారు.

అక్టోబరులో ఈశాన్య ఋతుపవనం మొదలయ్యాక మన వీధుల్లో నీళ్ళు నిలుస్తాయి. బూజు, దుమ్ములోని సూక్ష్మజీవులు తేమలో పెరుగుతాయి. ఆ మూడు నెలలు కుక్క పక్కబట్టను వారానికొకసారి వేడినీటిలో ఉతకండి. గోనెసంచి, పాతపరుపు తీసివేయండి. బయటినుండి రాగానే నాలుగు కాళ్ళూ మంచినీటితో కడిగి, పాత నూలుగుడ్డతో వేలు వేలునా తుడవండి. చెవి లోపల తడిగా, ఎర్రగా ఉంటే దూదిపుల్ల పెట్టి తిప్పవద్దు, అలాగే చూపించండి. ఇక మీరు తెచ్చిన ప్రశ్నలు అడగవచ్చు. మందుల పేర్లకు సంబంధించినవి అయితే కాగితం మీద రాసి ఇవ్వండి.